మంచి కరెంటు వచ్చిన పూట

మా అన్నకు కొలువు దొరికింది!

నాకు కాదు, అన్నకు. ఎవరికి చెప్పినా ఈ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వాళ్ల తప్పేమీ లేదు. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. బి.ఎస్సీ., అందులోనూ కంప్యూటర్లు. నల్లగొండ కాలేజీ నుంచి ఆ కాగితం తెచ్చిన రోజు బాపు దాన్ని తలకిందులుగా పట్టుకుని ఎంతసేపు చూశాడో. అప్పటినుంచి ఊరంతా నా కొలువు కోసమే ఎదురుచూసింది. అన్న కోసం ఎవరూ ఎదురుచూడలేదు. నిజం చెప్పాలంటే అన్న కూడా చూడలేదు. అందుకే నా పాసు వార్త కంటే ఈ వార్త పెద్దది. ఆగలేక ముందే చెప్పేశాను. ఇక మొదటినుంచి చెప్తాను.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. మా ఊరు కల్వకుర్తి నుంచి దేవరకొండ దిక్కు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. రాళ్ల నేల. బావులు ఎండిపోయాక బోర్లు వేశారు. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు అంత చల్లగా, అంత తేటగా వచ్చేవి. ఆ నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినా తాగడానికి వేరే నీళ్లు లేవు. మా ఇంట్లో అందరం ఒకే కుండలోంచి తాగాం. నాకు పళ్ల మీద గోధుమరంగు గీతలతో పోయింది. నాకంటే పెద్దవాడైన అన్నకు ఎముకల దాకా పోయింది.

పదో తరగతి పరీక్షలు రాసేనాటికే అన్న మోకాళ్లు చాచుకోవడం మానేశాయి. తర్వాత నడుము వంగింది. తర్వాత మెడ బిగుసుకుపోయింది. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. తల పైకి లేవదు. ఎదుటివాళ్ల ముఖాల కంటే వాళ్ల చెప్పులే ఎక్కువ కనిపిస్తాయని తనే నవ్వుతూ అనేవాడు. చేతులు మాత్రం బాగున్నాయి. అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్ల మంచాలకు నవారు అల్లేవాడు. నోరు ఇంకా బాగుండేది. నేను కల్వకుర్తిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టగానే నన్ను "పంతులమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు. అందులో గౌరవం ఎంతో, ఎక్కిరింపు ఎంతో నాకు ఎప్పుడూ తేలలేదు.

అన్న ఊరు దాటి చాలా కాలమైంది. అంతకుముందు ఒకసారి దవాఖానకు పోయి వస్తూ కల్వకుర్తి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాడు. బాపు బస్సు ఎప్పుడొస్తుందో అడగడానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి అన్న అరచేతిలో ఒక రూపాయి బిళ్ల ఉంది. ఎవరో పెట్టి పోయారు. తల ఎత్తలేడు కాబట్టి పెట్టినవాళ్ల ముఖం కూడా అన్నకు కనిపించలేదు. ఆ బిళ్లను అక్కడే బెంచీ మీద పెట్టి బస్సెక్కాడు.  ఆ తర్వాత టౌన్ పేరెత్తితే, "నాకు ఆడ పనేం లేదు" అనేవాడు.

ఇన్‌స్టిట్యూట్‌కు కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు పాతదొకటి నాకు ఇచ్చారు. ఎడ్లబండిలో గడ్డి పరిచి, మానిటర్‌ను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఊరికి తెచ్చాను. నేను ఇంట్లో ప్రోగ్రాములు రాసుకోవాలనే తెచ్చాను. కానీ అందులో ఉన్న ఒక కారు ఆట అన్నకు దొరికింది. మానిటర్‌ను బల్ల మీద పెడితే అన్నకు అందదు. అందుకని నేల మీద పీట వేసి, దాని మీద పెట్టాం. అన్న ముందుకు వంగి కూర్చుంటే తెర సరిగ్గా కళ్ల కిందికి వచ్చేది.

ఆ ఆట ఆ యంత్రంలో నడిచింది అనలేను. కారు ఇక్కడుండి, ఒక్కసారిగా అక్కడ కనిపించేది. మధ్యలో రోడ్డు ఉండేది కాదు. అయినా అన్న ఆడేవాడు. అందులో ఒక మీట ఉంది, అది నొక్కితే కారు వెనక ఏమున్నదో చూపిస్తుంది. అన్న దాన్ని అవసరం ఉన్నా లేకున్నా నొక్కేవాడు.

"ఎనక ఎవ్వరు లేరు గదనే, ఎందుకు వొత్తుతున్నవ్?" అని అడిగాను.

"మెడ తిప్పుతున్న," అన్నాడు.



కల్వకుర్తిలో నేను బస్సు దిగే చోట, బస్టాండు వెనక వీధిలో ఒక చాచా ఉండేవాడు. ముందు గదిలో ఎస్‌టీడీ బూత్, వెనక గదిలో టీవీకి తగిలించే వీడియో ఆటలు. పిల్లలు గంట లెక్కన కిరాయి కట్టి ఆడుకునేవారు. ఆ గదిలో కూర్చుని పిల్లల టైము చూసే మనిషి మానేసి పోయాడు. పిల్లలు కూడా తగ్గారు. ఒకరోజు ఫోన్ చేయడానికి పోతే, చాచా బాధగా చెప్పుకొచ్చాడు.

"గీ టీవీ ఆటలు ఇంక నడువయి బిడ్డా. హైదరాబాదుల అంత కంప్యూటర్ల మీదనే ఆడుతుండ్రట. కార్లు నిజం కార్ల లెక్క ఉంటయంట. నువ్వు చదివినవ్ గద, నీకు తెల్వదా?"

నాకు ఒక్కసారిగా అన్న గుర్తొచ్చాడు. ఆలోచించకుండా అడిగేశాను. మా ఇంట్లో కంప్యూటర్ ఉంది, మా అన్న ఉన్నాడు, ఇద్దరినీ నీ గదిలో కూర్చోబెడతావా అని. అన్న ఒంటి సంగతి కూడా దాచకుండా చెప్పాను.

చాచా గడ్డం నిమురుకున్నాడు. "మనిషి సంగతి తర్వాత. కొత్త కారు ఆట మంచిగ నడువాలె. ఆగుకుంట ఆగుకుంట నడిస్తే పోరగాండ్లు నన్నే కొడ్తరు. నడిచిందా, మీ అన్నకు ఆడ కుర్సీ పక్కా. నా మాట."

అన్నకు చెప్పాను. నవారు పట్టీని ఒకసారి లాగి బిగించి, "ఆయననే ఈడికి వొచ్చి చూడుమను. నేనైతే ఆడికి పోను," అన్నాడు. పోనంటున్నాడు గానీ వద్దనడం లేదు. మా ఇంట్లో అందరం ఆ తేడాను పట్టుకున్నాం. ఆ రోజునుంచి అమ్మ అన్న చొక్కాలకు గుండీలు కుట్టడం మొదలుపెట్టింది.

కొత్త ఆటకు మా యంత్రం చాలదని నాకు తెలుసు. దానికి బొమ్మలు గీయడానికి వేరే గ్రాఫిక్స్ కార్డు కావాలి. హైదరాబాదు పోయి, కోఠిలో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక దుకాణంలో కొత్త కారు ఆటతో పాటు వాడిన కార్డు ఒకటి కొన్నాను. దుకాణం అతను దాన్ని పాత పేపర్‌లో చుట్టి ఇస్తూ, "పవర్ సప్లై పాతదైతే ఈ కార్డును మోయదు మేడం, చూసుకోండ్రి," అన్నాడు. చూద్దాంలే అనుకున్నాను.

మా కాలేజీ ల్యాబులో కంప్యూటర్ల మీద ఎర్ర గుడ్డలు కప్పి ఉండేవి. చెప్పులు బయట విప్పి, చేతులు తుడుచుకుని లోపలికి పోయేవాళ్లం. మూడేళ్లలో ఒక్క స్క్రూ తిప్పిన పాపాన పోలేదు. ఇప్పుడు మా అరుగు మీద, బాపు మోటారు స్టార్టర్లకు వాడే స్క్రూడ్రైవర్‌తో మొదటిసారి కంప్యూటర్ డబ్బా మూత విప్పాను. లోపల దుమ్ము మెత్తగా పత్తిలా పేరుకుంది. మూలన రెండు బల్లిగుడ్లు.

"మూడేండ్లు నువ్వు చదివింది గిదేనా పంతులమ్మా?" అన్నాడు అన్న. "దీంట్ల బల్లులు కాపురం జేస్తున్నయి."

కార్డు పెట్టాను. ఆట మొదలైంది. రోడ్డు కనిపించింది, మొట్టమొదటిసారి రోడ్డంతా ఒక్కటిగా. అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కారు కదిలే సమయానికి తెర నల్లబడి, యంత్రం దానంతట అదే మళ్లీ మొదటినుంచి మొదలైంది. మళ్లీ పెట్టాం, మళ్లీ అంతే. దుకాణం అతను చెప్పిందే నిజమైంది. కార్డు అడిగినంత కరెంటు ఆ పాత పవర్ సప్లై ఇవ్వలేకపోతోంది.

మళ్లీ కోఠి పోయి పెద్ద పవర్ సప్లై తెచ్చాను. దానినుంచి వచ్చే రెండు తీగల గుత్తులను మదర్‌బోర్డుకు తగిలించేటప్పుడు నల్లతీగలు రెండూ మధ్యలో, పక్కపక్కనే ఉండాలి. తారుమారైతే అంతా కాలిపోతుంది. అన్న ముందుకు వంగి, నా చేతుల కింద నుంచి చూస్తూ, "నలుపు నలుపు ఒక్కకాడ... ఆఁ, గట్లనే, వొత్తు," అని చెప్తూ ఉన్నాడు. రాత్రి పొలాల్లో బోరు మోటార్లు ఆగాక పెట్టి చూశాం. ఆట ఆగలేదు. అన్న ఊరి చుట్టూ తిరిగినట్టు ఆ తెరమీది కొండల చుట్టూ తిరిగాడు. దిగమంటే దిగలేదు.

చాచాకు కబురు చెప్పాను. శుక్రవారం పొద్దున వస్తానన్నాడు, నమాజు వేళకు తిరిగి వెళ్లాలన్నాడు. అక్కడ వచ్చింది చిక్కు.

మా దగ్గర బోర్లకు త్రీ ఫేజ్ కరెంటు వంతుల ప్రకారం వచ్చేది. ఒక వారం పొద్దున, ఒక వారం సాయంత్రం. వంతు వచ్చిందంటే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. వోల్టేజీ అంతా అవే తాగేసేవి. ఇళ్లలో బల్బు లోపలి తీగ మాత్రం ఎర్రగా కనిపించేది. ఆ వారం పొద్దున వంతు. అంటే చాచా వచ్చే వేళకు మా ఇంట్లో కరెంటు ఉండీ లేనట్టే. ముందురోజు పొద్దున పెట్టి చూస్తే పవర్ సప్లైలో ఫ్యాను ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. స్టెబిలైజర్ ఒకటి అడిగి తెచ్చాం. అది టక్కు టక్కుమని కొట్టుకుని అలసిపోయింది.

బాపు ఒక పటేలు పొలంలో మోటారు చూసుకునేవాడు. వంతు రాగానే స్టార్టర్ వేయడం, మోటారు కాలకుండా కాపాడటం ఆయన పని. బల్బు వెలుగు చూసి వోల్టేజీ చెప్పేవాడు. యంత్రం వెనక్కి పోయి తొంగి చూశాడు. అక్కడ చిన్న ఎర్ర స్విచ్చి ఉంది. ఒక దిక్కు 230, ఇంకో దిక్కు 115.

"గిదేంది బిడ్డా?"

"తక్కువ కరెంటుకు గటు, ఎక్కువ కరెంటుకు ఇటు బాపూ."

"ఇప్పుడు మన ఇంట్ల ఉన్నది తక్కువ కరెంటే గద?"

నేను తలూపాను. పుస్తకం ప్రకారం చూసినా అది సరిగ్గానే ఉంది. బాపు స్క్రూడ్రైవర్ మొనతో ఆ స్విచ్చిని 115 దిక్కు జరిపాడు. ఫ్యాను చక్కగా తిరిగింది. తెర వెలిగింది. అమ్మ సంతోషం పట్టలేకపోయింది. ఊరంతా గుడ్డి బల్బుల కింద కూర్చుంటే మా యంత్రం ఒక్కటే హాయిగా నడుస్తోంది.

"వంతు అయిపోయే ముందే బంజేయాలె," అన్నాడు బాపు. "అయిపోంగనే మంచి కరెంటొస్తది. అప్పుడు మళ్ల ఇటు జరుపుదాం. వంతు టైం నాకెరుక గద, నాకిడిసిపెట్టు."

వంతు టైము ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు.

శుక్రవారం చాచా తెల్లటి కుర్తా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. అరుగు మీద నవారు మంచం వాల్చి కూర్చోబెట్టాం. అమ్మ చాయ్ ఇచ్చింది. బాపు మోటారు దగ్గర ఉన్నాడు. వంతు అయిపోవడానికి ఇంకా చాలా సమయం ఉంది. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పీట ముందు కూర్చున్నాడు. సలాం కూడా తల ఎత్తకుండానే పెట్టాడు. చాచా కూర్చున్నవాడల్లా మంచం దిగి, నేల మీద అన్న పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఆఁ, సూపెట్టు బేటా. నీ కారు ఎంత ఉరుకుతదో."

అన్న నడిపాడు. కారు మలుపు తిరిగినప్పుడల్లా చాచా కూడా అటు ఒరిగాడు. "అరె, గుద్దుతవ్, గుద్దుతవ్!" అని అరిచాడు. అన్న గుద్దలేదు. "జర నన్ను గుడ కూసోనియ్యి," అని చాచా తీసుకుని మొదటి మలుపులోనే కారును లోయలో పడేశాడు. అన్న నవ్వాడు. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు. చాచా మనసు పడ్డాడని మాకు అర్థమైంది. గడప దగ్గర నిల్చున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చప్పుడు పొద్దంతా చెవుల్లో ఉండేది కాబట్టి, ఆగితేనే తెలిసేది. బల్బు ఆరింది, తెర ఆరింది. వంతును ఎందుకో ముందే కోసేశారు. ఒక ఊపిరి తీసేంతలో కరెంటు మళ్లీ వచ్చింది. బల్బు తెల్లగా, పండుగనాటిలా వెలిగింది.

"అబ్బా, మంచి కరెంటొచ్చింది!" అంది అమ్మ.

మా ఊళ్లో ఏ ఇంట్లోనైనా అదే మాట అంటారు. ఆ మాట పూర్తయ్యీ కాకముందే డబ్బాలోంచి టపాకాయ పేలినట్టు చప్పుడైంది. తెల్లటి పొగ, ఘాటు వాసన. చాచా కుర్తా, అత్తరు అన్నీ మరచిపోయి, రెండు చేతులూ అన్న చంకల కింద వేసి, వెనక్కి లాగి, అరుగు చివరిదాకా ఎత్తుకుపోయాడు. నేను తీగ ఊడబీకాను. కాసేపటికి బాపు పొలం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాళ్లకు బురద, చేతిలో స్టార్టర్ తాళం. మోటారు ఆగిన క్షణమే పరుగు మొదలుపెట్టాడట. గడపలో పొగ చూసి అక్కడే కూలబడ్డాడు.

"మనిషికేం కాలే. అల్లా మంచిగ చూసిండు," అన్నాడు చాచా. చల్లారిన చాయ్ తాగాడు. నమాజు వేళవుతోందని లేచాడు. కుర్చీ సంగతి ఎత్తలేదు. మేమూ అడగలేదు. పోతూ పోతూ పీటను, దాని మీద మానిటర్‌ను ఒకసారి చూశాడు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. బాపు ఆ ఎర్ర స్విచ్చి వైపే చూస్తూ, "నేనే జరిపిన. నా చెయ్యితోనే జరిపిన," అని ఒకటే మాట అంటున్నాడు. అమ్మ ఓదారుస్తుంటే వినడం లేదు. చివరికి అన్న ఒళ్లంతా ఆయన వైపు తిప్పుకున్నాడు.

"బాపూ, మంచి కరెంటొచ్చిందని ఏడ్సిన ఇల్లు జిల్లా మొత్తంల మనదొక్కటే ఉంటది. ఇగ ఊకో."

బాపు ఊరుకున్నాడు. కానీ ఆ సాయంత్రం అన్న ఆ ఇస్త్రీ చొక్కా విప్పి, నాలుగు మడతలు వేసి, పెట్టె అడుగున పెట్టడం నేను చూశాను. మళ్లీ అవసరం రాదన్నట్టు పెట్టాడు. కాలిన డబ్బా కంటే ఆ మడతలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

కాలినదాన్నీ కార్డునూ సంచిలో వేసుకుని మళ్లీ కోఠి పోయాను. దుకాణం అతను పవర్ సప్లై విప్పాడు. లోపల రెండు పెద్ద కెపాసిటర్లు ఉబ్బి, ఒకటి చీలిపోయి ఉంది. ఎర్ర స్విచ్చి చూసి నా ముఖంలోకి చూశాడు.

"నూటపదిహేను మీద పెట్టిండ్రు! అది అమెరికా కరెంటు. మీరు అమెరికాల ఉంటరా మేడం?"

"మా ఊర్ల పొద్దుందాక అమెరికా కరెంటే వస్తది భయ్యా," అన్నాను. "మాపటికి ఇండియాది వస్తది."

నవ్వి నవ్వి అతని కళ్లలో నీళ్లొచ్చాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. కార్డు బతికి ఉందా లేదా అన్నదే నా గుండెల్లో ఉంది. అతను దాన్ని తన యంత్రంలో పెట్టాడు. తెర వెలిగేదాకా నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. వెలిగింది. కార్డుకు ఏమీ కాలేదు. అన్న సంగతంతా నేను చెప్పాక, వేరే పవర్ సప్లై ఇస్తూ అతను నవ్వు మానేసి చెప్పాడు.

"ఊర్ల పెట్టకుండ్రి మేడం. ఎన్నిసార్లు మారుస్తరు? టౌన్‌ల పెట్టుకోండ్రి. మీ అన్న ఆడిండో లేదో నాకు గుడ ఒక ఫోన్ కొట్టుండ్రి."

అంటే అన్న టౌన్‌కు పోవాలి. ఆ మాట ఎలా చెప్పాలో బస్సులో దారి పొడుగునా ఆలోచించాను. ఇంటికొచ్చి చెప్తే అన్న, "కార్డు బతికింది గద, నువ్వు ప్రోగ్రాములు రాసుకో," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

కొన్ని రోజుల తర్వాత మా ఊరి బస్సు కండక్టర్ గడప ముందు ఆగి గట్టిగా పిలిచాడు. "ఎస్‌టీడీ చాచా చెప్పిండు. బల్ల తయారైందట. మీ పోరడు ఎప్పుడొస్తడో అడుగుమన్నడు."

"ఏం బల్ల?" అన్నాడు అన్న.

కండక్టర్‌కు తెలియదు. మాకూ తెలియదు. అన్న ఆ రోజంతా నవారు అల్లుతూ మధ్యమధ్యలో ఆగి, "ఏం బల్లనే?" అని అడుగుతూనే ఉన్నాడు. "మన యంత్రం కాలిందని ఆయనకు ఎరుకే గద. మళ్ల బల్ల ఎందుకు జేయించిండు?" మర్నాడు పొద్దున నేను నిద్రలేచేసరికి పెట్టె మూత తెరిచి ఉంది. ఇస్త్రీ చొక్కా అన్న ఒంటి మీద ఉంది. మడతల గీతలు అలాగే ఉన్నాయి.

"చూసొస్త. అంతే," అన్నాడు.

ఆటో మాట్లాడుకున్నాం. అన్నను పక్కకు తిప్పి కూర్చోబెట్టి, బాపు ఒక దిక్కు, నేను ఒక దిక్కు పట్టుకున్నాం. మానిటర్ నా ఒళ్లో, డబ్బా బాపు కాళ్ల దగ్గర. అమ్మ గేదెను వదిలి రాలేక గడపలోనే ఉండిపోయింది. బస్టాండు ముందు నుంచే పోయాం. ఆ బెంచీ అన్నకు కనిపించే ఎత్తులోనే ఉంది. ఆయన రెండు చేతులూ పిడికిళ్లు అయ్యాయి.

వెనక గదిలో టీవీలు ఒక పక్కకు జరిపి ఉన్నాయి. మధ్యలో ఒక బల్ల. టేకు బల్ల, పాతదే, కానీ నాలుగు కాళ్లూ మోకాలి కిందికి కోసి ఉన్నాయి. కోసిన చోట కర్ర తాజాగా, లేత రంగులో కనిపిస్తోంది. బల్ల ముందు ఒక పొట్టి కుర్చీ, దాని మీద దిండు.

"మీ ఇంట్ల చూసిన గద," అన్నాడు చాచా. "తల లేవది. పీట మీద పెట్టుకున్నరు. పీట మీద పెడితే దుకాన్‌ల గిరాకీ ఏమనుకుంటది? అందుకే మా నాయిన నాటి బల్ల కాళ్లు కోయించిన. ఇప్పుడు నువ్వు రానంటే ఇది ఎవ్వరికి పనికొస్తది చెప్పు?"

అన్న చాలాసేపు ఆ బల్లవైపు చూశాడు. తల ఎత్తాల్సిన అవసరం లేకుండానే ఆయనకు కనిపించే బల్ల అది.

"ఆట నడవకపోతే చాచా?"

"నడవకపోతే నువ్వు నేను ఎదురుబొదురు కూసోని గీ బల్ల మీద బువ్వ తిందం."

బాపు ముందుగా గదిలో బల్బు వెలుగు చూశాడు. స్విచ్చి 230 మీద ఉందో లేదో వేలితో తడిమి చూశాడు. దాని మీద నల్ల టేపు అంటించాడు, ఇంకెప్పుడూ ఎవరి చెయ్యీ పోకుండా. తర్వాత దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను నల్లతీగలు మరొకసారి సరిచూసి మూత బిగించాను. స్విచ్చి మీద చెయ్యి పెట్టాను. ఈసారి ఏదైనా జరిగితే అన్న మళ్లీ ఆటో ఎక్కడని అందరికీ తెలుసు.

వేశాను. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. రోడ్డు వచ్చింది. పొడుగ్గా, ఎక్కడా తెగకుండా, దూరాన కొండల దాకా. అన్న కారు కదిలింది. మలుపు తిరిగింది. ఇంకో మలుపు.  ఆగలేదు.

బడి విడిచిన పిల్లలు ముందు తలుపులోంచి చూశారు, తర్వాత లోపలికి వచ్చారు, తర్వాత బల్ల చుట్టూ మూగారు. ఒకడు ఆడాడు, ఇంకొకడు ఆడాడు. అందులో ఒకడు తన వంతు అయిపోయినా లేవకుండా అన్నను కింది నుంచి పైదాకా చూశాడు.

"అన్నా, నీ మెడకేమైంది?"

 బాపు గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు.

"బోరు నీళ్లు తాగిన," అన్నాడు అన్న. "నీ టైం అయిపోయింది. దిగు."

వాడు దిగాడు. ఇంకొకడు ఎక్కాడు. అన్న పక్కన స్టూలు మీద పెట్టిన గడియారం చూడటానికి ఒళ్లంతా ఒకసారి తిరిగి, మళ్లీ పిల్లల వైపు తిరిగాడు. కాసేపటికి వాళ్లు అన్నను కాదు, తెరనే చూస్తున్నారు. చాచా లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడి, "రేపటి సంది పొద్దుగాల జల్ది రావాలె బేటా. ఫస్టు బస్సుకు. కండక్టర్‌కు చెప్పిన, ముందు సీటు ఆపుతడు," అన్నాడు.

"ముందు సీటు వొద్దు," అన్నాడు అన్న, తెర మీంచి చూపు తిప్పకుండా. "అందరు కూసున్న కాడనే కూసుంట."

బాపు బయటికి పోయి వీధి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. ఎంతసేపు కడుక్కున్నాడో. నేను చూడనట్టే ఉన్నాను.

చాచా నన్ను ముందు గదిలోకి పిలిచి, ఫోన్ నా వైపు తిప్పాడు. "చెప్పుకో బిడ్డా. ఎవ్వలెవ్వలికి చెప్పుకుంటవో చెప్పుకో. ఇయ్యాల మీటర్ నేను చూడ." మా ఇన్‌స్టిట్యూట్‌కు చేశాను. వాళ్లు "నీకా?" అన్నారు. కాదు, అన్నకు అన్నాను. నల్లగొండలో నాతో చదివిన స్నేహితురాలికి చేశాను. ఆమె కూడా "నీకా?" అంది. లోపల పిల్లల అరుపులకు నా మాట నాకే వినిపించడం లేదు. ఇంకా చేయవలసినవాళ్లు మిగిలే ఉన్నారు.

భివండిలో మా మేనమామ. మగ్గాల కార్ఖానా ముందున్న చాయ్ హోటల్‌కు చేయాలి. పిలుచుకొస్తామని పెట్టేయమంటారు, కాసేపాగి మళ్లీ చేయాలి.

అచ్చంపేటలో చిన్నమ్మ. ఎరువుల దుకాణంవాళ్లు కబురు చెప్తారు, కానీ వాళ్లకు అంతా విడమరిచి చెప్పాలి, లేకపోతే కొలువు నాదని చెప్పేస్తారు.

యాదగిరిగుట్టలో ఒక సత్రంలో పనిచేసే అన్న దోస్తు. బడికి పోయే రోజుల్లో అన్నను సైకిల్ మీద ఎక్కించుకుని పోయింది ఆయనే.

కోఠిలో దుకాణం అతను. కార్డు నడిచిందని చెప్పాలి.

నాకు డిగ్రీలో చేరడానికి ఫారం నింపి ఇచ్చిన కాలేజీ మేడం.

చివరగా అమ్మ. ఊళ్లో ఫోన్ పోస్టుమాస్టరు ఇంట్లో ఒక్కటే. అక్కడికి ఫోన్ వచ్చిందంటే ఎవరో పోయారనే అనుకుంటారు. అమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తుంది. అందుకని పోస్టుమాస్టరుకు ముందు, మంచి వార్తే, భయపడొద్దని చెప్పాలి. ఆ తర్వాతే అమ్మను పిలవమనాలి.